చొక్కాకు పట్టిన పొగ

లారీ మెకానిక్ సిగరెట్లు మానేసి నలభై రోజులైంది. ఇంట్లో మాత్రం, కూతురు పుట్టిన రోజే మానేశానని పన్నెండేళ్ల కిందటే చెప్పేశాడు.

"మానేస్తే సిగరెట్ మానెయ్. మమ్మల్నెందుకు మానేస్తావ్‌రా?" అని షెడ్డులో స్నేహితులు నిష్ఠూరమాడారు. ఆ మాటకు మెత్తబడి, సాయంత్రం పని కాగానే వాళ్ల మధ్య గంటసేపు కూర్చున్నాడు. నలుగురూ వదిలే పొగకు నోరూరిపోయింది. చేతులు ఊరుకోక ఒక నట్టును బిగించి విప్పి, విప్పి బిగించాడే తప్ప ఒక్క దమ్మూ లాగలేదు.

ఇంట్లో అడుగు పెట్టగానే భార్య ముక్కు మూసుకుంది.

"ఏంటండీ ఈ కంపు?"

అతను కంగారుగా రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "నేను కాదే! వాళ్లు తాగుతుంటే పక్కన కూర్చున్నానంతే. పాప మీద ఒట్టు!"

"ఒట్లెందుకు? మీరు తాగలేదని తెలుస్తూనే ఉందిగా."

అతనికి ప్రాణం లేచొచ్చింది. "నా మీద అంత నమ్మకమా?"

"నమ్మకమా, నా మొహమా!" అంటూ ఆమె చొక్కా విప్పించి బకెట్లో పడేసింది. "తాగిన రోజల్లా లవంగం నములుతూ, సబ్బు వాసనతో ఘుమఘుమలాడుతూ వచ్చేవారు. ఈ పన్నెండేళ్లలో ఇలా కంపు కొడుతూ రావడం ఇదే మొదటిసారి."