లీకు లేని జాయింటు

మోహన్ తన నాయన నోట్లోంచి ఇత్తడి జాయింటును లాక్కున్నంత పనిచేశాడు.

"నోట్లో పెట్టుకోవద్దంటే ఇనవు గదా నాయనా. ఇది ఆస్పత్రి సామాను."

"ఊది సూడకుండా గాలి పోతాదో లేదో ఎట్లా తెలుస్తాదిరా?" అన్నాడు మునస్వామి. ఎన్నో ఊరేగింపుల్లో నాదస్వరం ఊదిన మనిషి. గొట్టం కనబడితే చాలు, పెదవులు ఊరుకోవు. మోహన్ ఆ జాయింటును మళ్లీ స్పిరిట్‌తో తుడుచుకున్నాడు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులు. ఆస్పత్రుల్లో వెంటిలేటర్లు చాలడం లేదని, తిరుపతిలో పాలిటెక్నిక్ పాఠాలు చెప్పే మోహన్ ఇంట్లోనే ఒకటి కట్టడానికి పూనుకున్నాడు. వరండాలో మోటారు ఒక రబ్బరు సంచిని నొక్కి వదులుతుంది. ఆ గాలి గొట్టం గుండా కిటికీ దాటి హాల్లోకి వచ్చి, ఊపిరితిత్తికి బదులుగా కట్టిన రబ్బరు గ్లవ్‌ను ఉబ్బించాలి. ఉబ్బిస్తే కదా! అతుకు పెట్టిన చోటల్లా బుస్సుమంటోంది. చేపల తొట్టి గొట్టం మెత్తన, మడతపడింది. మామిడితోట డ్రిప్పు పైపు బిరుసు, జాయింటును పట్టలేదు. టైర్ల షాపు గొట్టం చక్కగా పట్టింది గానీ ఒకటే కంపు. ఆ కంపుకు పేషెంటు లేచి పరిగెత్తినా పరిగెత్తుతాడని భార్య లోకేశ్వరి మెచ్చుకుంది.

సాయంత్రం డాక్టర్ జాహ్నవి చూడటానికి వస్తానంది. ఆమె బాగుందంటే యంత్రం పరీక్షలకు వెళుతుంది. ఒక్క అతుకు లీకైనా పాత ఇనుము బండికి వెళుతుందని లోకేశ్వరి తేల్చిచెప్పేసింది. సామాను పరిచేసిన భోజనాల బల్ల మీద ఎప్పటికైనా భోజనం చేయాలని ఆమె ఆశ.

చివరికి సిలికాన్ గొట్టం, దానికి సరిపోయే ఇత్తడి జాయింట్లు, బిగించే క్లిప్పులు కుదిరాయి. సంచి దగ్గర మాత్రం గొట్టాన్ని కడగడానికి వీలుగా, క్లిప్పు లేకుండా చేత్తో ఊడదీసేలా ఉంచాడు. సబ్బు నురగ రాసి చూస్తే ఎక్కడా బుడగ లేవలేదు. ఇంకొక్కసారి ఊదనా అని మునస్వామి ఆశగా అడిగాడు. మోహన్ ఆయన్ని మోటారుకు కాపలాగా వరండాలో కూర్చోబెట్టి, దేన్నీ నోట్లో పెట్టుకోనని మాట తీసుకున్నాడు.

జాహ్నవి వచ్చింది. గాలికి గ్లవ్ ఊగకుండా మోహన్ ఫ్యాను ఆపి, మోటారు వెయ్యమని నాయనకు కేకేశాడు. మోటారు గుర్రుమంది. గ్లవ్ లేచింది, వాలింది. కాసేపటికి ఆ గుర్రు కూడా వినిపించలేదు. మంచి జాయింట్లు పడితే మోటారుకు ఎంత సుఖమో అనుకుని మోహన్ పొంగిపోయాడు. జాహ్నవి ప్రతి అతుకు దగ్గరా చెవి పెట్టి విన్నది. గ్లవ్ మీద చెయ్యి ఆనించి చాలాసేపు చూసింది.

"యాడా లీకు లేదు సార్. మొదట్లో కొంచెం కుదుపు ఉన్నింది, ఇప్పుడు అదీ లేదు. అచ్చం మనిషి ఊపిరి మాదిరే ఉండాది."

మోహన్‌కు కళ్లు చెమర్చాయి. అంతలో లోకేశ్వరి వంటింట్లోంచి వచ్చి, గ్లవ్‌ వంక వింతగా చూసింది.

"కరెంటు పొయ్యి శానా సేపయింది. ఇది ఎట్లా ఆడతాండాది?"

ముగ్గురూ కిటికీలోంచి తొంగిచూశారు. మోటారు చడీచప్పుడు లేకుండా ఉంది. దాని పక్కనే మునస్వామి, బుగ్గలు పూరించి, గొట్టం నోట్లో పెట్టుకుని ఊదుతున్నాడు. కొడుకును చూసి గొట్టం తీసి, కొసను కండువాతో శుభ్రంగా తుడిచాడు.

"కరెంటు ఎప్పుడొస్తాదో కనుక్కోరా," అన్నాడు రొప్పుతూ. "నాకు ఊపిరాడటం లా."