గుప్పిట్లో వాసన

వంతెన కట్టేచోట, గాలి సిలిండరు తగిలించుకుని గోదావరిలోకి దిగబోతున్న కృపారావు ముక్కు కింద సాలమోను మేస్త్రి గుప్పిట పెట్టాడు. జలుబుతో లోతుకి దిగితే ముక్కు రక్తం కక్కుతుంది. అందుకే రోజూ ఈ పరీక్ష.

"ఏం వాసనరా?"

"మల్లెపువ్వండి! రోజూ అదేగదండీ?"

మేస్త్రి గుప్పిట విప్పాడు. ఎండుచేప!

"ముక్కుసూటి మనిషినంటావు, ముక్కే మూసుకుపోయిందిగదరా! దించు సిలిండరు!"

కృపారావు భగ్గుమన్నాడు. "నా ముక్కు సంగతి మీకెవడు చెప్పేడండీ?"

"నేనే!" ఒడ్డునున్న భార్య పుష్పలత లేచింది. "ఆ చేపా నేనే తెచ్చేను. దిండు మీద రక్తమేంటంటే నల్లి అన్నారు. నల్లికి అంత రక్తమా? వారం నుంచీ తల్లో మల్లెలు పెడుతున్నాను, ఒక్కపూటైనా వాసన పట్టేరా?"

కృపారావు ఆమె జడవైపు చూశాడు. ఇవాళా మల్లెలున్నాయి. దగ్గరికెళ్లి గట్టిగా పీల్చాడు.

సిలిండరు పట్టీలు విప్పాడు.