నాపరాళ్ళ మీద బల్ల

ఫోన్లో సాంబశివరావు నోరు జారాడు.

గురజాల నుంచి బాలసరస్వతి గారు ఫోన్ చేసి, ఆదివారం కొడుకుతో కలిసి పెళ్ళిచూపులకు వస్తున్నామని చెప్పారు. రిటైరైన టీచరమ్మ, మాట మెత్తన. మోకాళ్ళ నొప్పుల వల్ల కింద కూర్చుంటే లేవలేననీ, భోజనానికి బల్ల ఉందా అనీ మొహమాటపడుతూ అడిగారు. లేకేమండీ అన్నాడు సాంబశివరావు. అక్కడితో ఆగితే బాగుండేది.

"నేనే చేశానండీ, నా చేతుల్తో" అని కూడా అనేశాడు.

రాజుపాలెంలో ఆ ఇల్లు కట్టిన నాటి నుంచీ అందరూ నేలమీద పీట వేసుకుని తిన్నవాళ్ళే.

కూతురు ధరణి తల పట్టుకుంది. తల్లి పోయాక ఇంట్లో మాట ఆమెదే. ఈ సంబంధం తెచ్చిందీ ఆమే. బాలసరస్వతి గారి అబ్బాయి అరుణ్ కుమార్‌కు తండ్రి లేడు, నడికుడి రైల్వే స్టేషన్లో ఉద్యోగం. ధరణితో కలిసి ఇంటర్ చదివాడు. ఇద్దరూ ముందే మాట్లాడుకుని తర్వాత పెద్దల చెవిన వేశారు. సాంబశివరావు నెలరోజులు ససేమిరా అన్నాడు. ఊళ్ళో తలెత్తుకు తిరగలేనన్నాడు. ఫోటో చూశాక మెత్తబడ్డాడు. ఇప్పుడు ఈ సంబంధం తప్పిపోతుందేమోనని ఆయనకే ఎక్కువ బెంగ.

"అబద్ధంతో మొదలెట్టావేంది నాన్నా?"

"ఆదివారానికల్లా నిజం చేస్తాగా."

పక్కింటి ఖాజా మొహిద్దీన్ వడ్రంగి. తాను చేసిపెడతానన్నాడు. సాంబశివరావు ఒప్పుకోలేదు. నేనే చేశానన్న మాట నిలబడాలి కదా. ముప్పై ఏళ్ళు బట్టల కొట్లో గుడ్డ కొలిచినవాణ్ణి, నాలుగు కర్రలు కొలవలేనా అని రంపం, సుత్తి మాత్రం అడిగి తెచ్చుకున్నాడు. సత్తెనపల్లి అడితిలో వేపచెక్కలు కోయించి, వరండాలో పని పెట్టాడు. ఒంటినిండా పొట్టు, వేళ్ళకు రెండు కట్లు, నోట్లో కూనిరాగం.

శనివారం మధ్యాహ్నానికి బల్ల నిలబడింది. దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, ఎవరూ చూడట్లేదనుకుని ముద్దు కూడా పెట్టుకున్నాడు. ధరణి చూసింది.

చెయ్యి వేస్తే బల్ల ఊగింది.

ఒక కాలు పొడుగైందనుకుని వేలెడు కోశాడు. ఊగడం తగ్గింది. హాల్లోకి తెచ్చి వేస్తే ఇంకో మూలకు ఊగింది. ఆ కాలూ కోశాడు. దాంతో మిగతా రెండూ పొడుగయ్యాయి. గుడ్డ అలవాటు ఆయనది, ఎటు ఎక్కువైతే అటు కత్తిరించడమే తెలుసు. కిటికీ దగ్గర కొంత, వంటింటి గుమ్మం దగ్గర కొంత కోశాడు. సాయంత్రం ఖాజా వచ్చి చూసేసరికి బల్ల మోకాలి కిందికి దిగింది.

ఖాజా బల్లను వదిలేసి నేలను చూశాడు.

"కాళ్ళు బానే ఉన్నయ్యన్నా. నీ నాపరాళ్ళే ఎగుడుదిగుడు. కింద ఇంత చెక్కముక్క పెడితే పొయ్యేదిగా."

సాంబశివరావు అక్కడే కూలబడ్డాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. ధరణి మాత్రం నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. పొద్దున్నే తండ్రి జుట్టుకు రంగేసి, కొత్త చొక్కా తొడిగించింది.

వాళ్ళు రానే వచ్చారు. బాలసరస్వతి గారు బల్ల వంక చూశారు. సాంబశివరావు ఊపిరి తీసుకోకుండా ఫోన్లో ఆడిన అబద్ధం నుంచి ఆఖరి కోత దాకా మొత్తం చెప్పేశాడు. సంబంధం గోవిందా అనుకుని, కుర్చీలో కూర్చుని పళ్ళెం ఒళ్ళో పెట్టుకోమని బతిమాలాడు. అరుణ్ కుమార్ నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు.

"ఇంత కష్టపడి చేస్తే ఒళ్ళో పెట్టుకుని తింటానా?" అంటూ ఆవిడ గోడ పట్టుకుని మెల్లగా కింద చతికిలబడ్డారు.

గోంగూర రెండుసార్లు అడిగి వేయించుకున్నారు. భోజనమైంది. ఇక లేవాలి. కొడుకు ఓ పక్క నుంచి, ధరణి ఓ పక్క నుంచి గబగబా వచ్చారు.

ఆవిడ ఇద్దర్నీ ఆగమని, సాంబశివరావు వైపు చెయ్యి చాపి, "కింద కూర్చోబెట్టింది మీరేగా, లేపాల్సిందీ మీరే, పెళ్ళికొడుకు గారూ" అన్నారు.