ముక్ గొంతు

లమ్యాయ్ పిల్లిని ఒడిసి పట్టి వెదురుబుట్టలో కుక్కింది. మూత మీద చెయ్యి అదిమిపెట్టి కసురుకుంది.

"రెండు నెలల్నించీ చెప్తున్నా, నోరు ముయ్యమని. విన్నావా? ఇక ఈ కొంపలో నువ్వన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి."

బుట్టలో ముక్ కిక్కురుమనలేదు. మంచం మీద ఆమె భర్త తోంగ్‌యూ ఎడమచెయ్యి దుప్పటి మీద కాస్త కదిలి ఆగింది. రెండు నెలల కిందట పక్షవాతం వచ్చాక ఆయనకు స్వాధీనంలో ఉన్నది ఆ చెయ్యి ఒక్కటే. మాట ఇక రాదని ఆసుపత్రిలో చెప్పేశారు.

ఆమె కోపంలో అన్యాయమేమీ లేదు. తెల్లవారితే కాలువ మెట్ల మీద కూర్చుని పడవల్లో పోయేవాళ్ళకు కొబ్బరిపాల పొంగనాలు పోయాలి. చేతులు పిండిలో ఉన్నప్పుడే తడికె వెనక నుంచి ఆ కేక మొదలయ్యేది. పసిబిడ్డ గుక్కపట్టినట్టు, బొంగురుగా, సాగదీసి. శయాం జాతి పిల్లుల గొంతే అంత అని ఆ ఒడ్డున తెలియనివాళ్ళు లేరు. పొయ్యి దగ్గర్నుంచే ఛీ, నోర్ముయ్ అని అరిస్తే కాసేపు ఆగేది. మళ్ళీ మొదలు. చివరికి తిట్టుకుంటూ లోపలికి పోతే, ఆయన గుండెల మీద కూర్చుని నీలికళ్ళతో ఆమెను తేరిపార చూసేది ముక్. ఈవేళ ఒక వాయి మొత్తం మాడిపోయింది. పడవలో ఉన్నామె, లోపలెవర్దో పీక పిసుకుతున్నట్టుందే అక్కా అని నవ్వింది. దాంతో తల కొట్టేసినట్టయింది లమ్యాయ్‌కి.

అవతలి ఒడ్డున ప్రయోంగ్ ముప్పై ఏళ్ళుగా ఆ జాతి పిల్లుల్నే పెంచుతున్నాడు. ముక్ పుట్టిందీ అతని ఇంట్లోనే. లమ్యాయ్ పడవలో తెచ్చిన బుట్ట మూత తీసి దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. మొహం, చెవులు, నాలుగు పాదాలు, తోక నిమిరి చూశాడు. ఎక్కడ నల్లగా ఉండాలో అక్కడ నల్లగా నిగనిగలాడుతోంది.

"పుట్టినప్పుడు దంతంలా తెల్లగా ఉండేది. ఇప్పుడు చూడు, ఎలా రంగు తేలిందో. ఇంత లక్షణమైన పిల్లిని వద్దనుకుంటారా అక్కా? ఇంటికి అదృష్టం ఇది."

"ఆ అదృష్టం అరుపులేవో నువ్వే విను," అని పడవ తిప్పేసింది లమ్యాయ్.

ఆ మర్నాడు ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఒక్క పొంగనమూ మాడలేదు. హాయిగానే అనిపించింది.

రెండో రోజు తోంగ్‌యూ గంజి తాగలేదు. చెంచా పెదవుల దాకా తెస్తే మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. మూడో రోజు బేరం ముగించుకుని మధ్యాహ్నం లోపలికి వెళ్ళేసరికి ఆయన పక్కబట్టలు తడిసి, చల్లారి ఉన్నాయి. ఎప్పట్నుంచి అలా పడున్నాడో. ఒళ్ళంతా వణుకుతోంది.

బట్టలు మారుస్తుంటే లమ్యాయ్ చేతులు ఆగిపోయాయి. ఈ రెండు నెలల్లో ఒక్కసారి కూడా ఇలా జరగలేదు. పిల్లిని తిట్టడానికని లోపలికి వచ్చేది, వచ్చాక ఆయనకు దాహమో, దోమతెర జారిపోయిందో, పక్క తడిసిందో కనిపించేది. ఎలాగూ వచ్చాను కదా అని ఆ పని చూసి పోయేది. తను రావాల్సిన ప్రతిసారీ ఆ కేకే పిలిచిందన్నమాట. మూగవాడి తరఫున నోరున్న జీవి పిలిస్తే, తను నోరు ముయ్యమంది. బుట్టలో కుక్కి కాలువ దాటించింది.

ఆ పూట ఆమెకూ ముద్ద దిగలేదు. ఆయన పక్కన కూర్చుని కాళ్ళు పడుతూ, తప్పయిపోయిందని ఏవేవో చెప్పుకుంది. ఆయన కళ్ళు తెరవలేదు.

నాలుగో రోజు పొయ్యి వెలిగించకుండా పడవ ఎక్కింది. ప్రయోంగ్ ఇంటి అరుగు మూల, అన్నం ముద్ద ముట్టకుండా ఇవతలి ఒడ్డుకేసి చూస్తూ కూర్చుంది ముక్. నాలుగు రోజుల్లోనే డొక్కలు లోపలికి పోయాయి.

"అరుస్తుందన్నావు, నా దగ్గర నోరే విప్పలేదక్కా. మిగతా పిల్లులు ఇల్లు పట్టుకుంటాయి, ఇవి మనిషిని పట్టుకుంటాయి. బెంగ పెట్టుకుంది. తీసుకుపో."

ఈసారి బుట్టలో పెట్టలేదు లమ్యాయ్. ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒంటిచేత్తో తెడ్డు వేసింది. నడి కాలువలో దాని వీపు నిమురుతూ, "నువ్వు పిలిచింది ఆయన కోసమని నాకు తెలియలేదే తల్లీ," అంది. ముక్ ఆమె మోచేతికి తల ఆనించుకుంది.

లమ్యాయ్ మెట్లెక్కి తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళింది. పిల్లిని రెండు చేతుల్తో ఎత్తి చూపించింది.

"చూడు, ఎవర్ని తీసుకొచ్చానో. ఇక ఎంత అరిచినా ఏమీ అనను. నీ మీద ఒట్టు."

తోంగ్‌యూ మెల్లగా ఇటు తిరిగాడు. పిల్లిని చూశాడు, ఆమెను చూశాడు. లమ్యాయ్‌కి కన్నీళ్ళతో ఏమీ ఆనలేదు. పిల్లిని గుండెలకు హత్తుకుని దాని మెడలో మొహం దాచుకుంది. అప్పుడు లేచింది కేక. పసిబిడ్డ గుక్కపట్టినట్టు, బొంగురుగా, సాగదీసి.

"అరుచుకోమ్మా, అరుచుకో. నీ ఇష్టం," అంటూ ముద్దుపెట్టుకోవడానికి దాని నల్లటి మూతి తనవైపు తిప్పుకుంది.

ముక్ నోరు మూసుకునే ఉంది. మళ్ళీ అదే కేక వినిపించింది, మంచం మీంచి.