సీదాగా ఉన్న మనిషి

ఖగోళ క్లబ్‌లో కొత్తగా చేరినవాళ్లు, ఎవరి సాయం లేకుండా టెలిస్కోపులో ఏదైనా ఒకటి పట్టి చూపిస్తేనే బ్యాడ్జి ఇస్తారు. అది క్లబ్ లీడర్ కరుణశ్రీ పెట్టిన నియమం. ఆ రోజు చీకటి పడ్డాక కాలేజీ డాబా మీద ఆమె, జూనియర్ భాగ్యలక్ష్మి ఇద్దరే మిగిలారు. మార్కెట్ యార్డు నుంచి పసుపు వాసన వస్తోంది. కింద వాచ్‌మన్ నర్సయ్య గేటుకు గొలుసు వేస్తున్నాడు.

మబ్బు పట్టింది, చుక్కలు లేవు. భాగ్యలక్ష్మి విసుగొచ్చి టెలిస్కోపును రాళ్లగుట్ట వైపు తిప్పింది.

"అక్కా, గుట్ట మీద లైటు స్తంభం ఉల్టా కనిపిస్తుంది."

"దీంట్ల అన్నీ గట్లనే కనిపిస్తయి. ఫికర్ చెయ్యకు."

"మరి స్తంభం పక్కన మనిషి సీదాగ ఉన్నడేంది?"

కరుణశ్రీ నవ్వుతూ కన్ను ఆనించింది. స్తంభం తలకిందులుగా వేలాడుతోంది. దాని వెలుగులో ఒక మనిషి, తల పైకి, కాళ్లు కిందికి.

నవ్వు ఆగిపోయింది. ఇందులో సీదాగా కనిపిస్తున్నాడంటే, అక్కడ అతను తలకిందులుగా ఉన్నాడు. వేలాడటానికి పైన కొమ్మ లేదు, తాడు లేదు.

తలెత్తి మామూలు కళ్లతో గుట్ట వైపు చూసింది. చీకట్లో చిన్న లైటు, అంతే.

"నాకు బ్యాడ్జి ఇస్తవా అక్కా?"

కరుణశ్రీ మళ్లీ టెలిస్కోపుకు కన్ను ఆనించింది. ఇప్పుడు స్తంభంలాగే మనిషీ తలకిందులుగా కనిపిస్తున్నాడు.

అంటే కాళ్ల మీద నిలబడ్డాడు. గుట్ట దిగుతున్నాడు.

కింద నుంచి నర్సయ్య గొంతు వినిపించింది.

"ఎవరో వస్తున్నట్టున్నరు బిడ్డా. గేటు తియ్యాల్నా?"