తీసిపెట్టిన సబ్బు

చింతపండుకని ముత్తుకూరు శెట్టి అంగడికి వచ్చిన మాలకొండమ్మకు, గాజు బీరువాలో ఒక్కటంటే ఒక్క వాసన సబ్బు కంటికెదురుగా కనిపించింది.

"దాన్ని అడగబాకమ్మా. మీ తోడికోడలు అంకాలమ్మ తీసిపెట్టమనింది," అన్నాడు శెట్టి.

మాలకొండమ్మకు ఒళ్లు మండిపోయింది. తనతోపాటు చేపలమ్ముకునే దానికి వాసన సబ్బా!

"అది నాకే ఇయ్యి."

శెట్టి కాసేపు నసిగి ఇచ్చాడు. చింతపండుకు తెచ్చిన కొత్త పైసలన్నీ సబ్బుకే పోయాయి. దాన్ని రొంటిన దోపుకుని గబగబా వెళ్లిపోయింది.

సగం దారిలో చేపల తట్ట అంగట్లోనే మరిచిపోయిన సంగతి గుర్తొచ్చింది. తిరిగొచ్చేసరికి బీరువాలో అదే చోట ఇంకో సబ్బు ఉంది. దాని ముందు అంకాలమ్మ ఉంది.

"అది మీ మాలకొండమ్మ తీసిపెట్టమనింది," అంటున్నాడు శెట్టి.

మాలకొండమ్మకు శెట్టి ఎత్తు తెలిసిపోయింది. కడిగి పారేద్దామని నోరు తెరిచింది. అంతలో అంకాలమ్మ ఇటు తిరిగింది.

"ఆ సబ్బు నీకా అక్కా?"

ఆమె మొహం మాడిపోయి ఉంది. మాలకొండమ్మ ఆ మొహాన్ని కళ్లారా చూసుకుంది.

"నాకేనే. పాతది అరిగిపోయింది," అంది, రొంటినున్న సబ్బును కొంగుతో కప్పుకుంటూ.