ఏడో గుడ్డు

“ఇంకా రెండు నిమిషాలు తక్కువంటది! ఈ మిషన్‌కు ఏం రోగం పుట్టింది?” ఉదయశ్రీ అరిచింది. బయట ఐదు గంటల బస్సు హారన్ మోగిస్తోంది. హాజరు మిషన్‌లో మాత్రం నాలుగూ యాభై ఎనిమిదే.

చర్ల అవతల పశువుల దవాఖానాలో ఆమె కాంపౌండర్. ఆ మిషన్‌కు ఆమె కుడి బొటనవేలు ఒక్కటే తెలుసు. ఐదుకు ముందు వేలు పెడితే ఎర్రగీత. మూడు పడ్డాయి, నాలుగోది పడితే బదిలీ. పోనీ ఆగుదామా అంటే ఆఖరి బస్సు వెళ్లిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి!

మర్నాడు భద్రాచలం నుంచి మెకానిక్ హమీద్ వచ్చి మిషన్ విప్పి చూశాడు.

“లోపలి గడియారానికి పగటి ఎండ పడది, రాత్రి చలి పడది మేడమ్. రెండిటికీ నెమ్మదిస్తది. నెట్ ఉంటే తనే దిద్దుకునేది. ఈడ సిగ్నలే లేకపాయె.”

“మరెట్ల?”

“రాత్రింబవళ్లు ఒక్కతీరు వేడి ఉండాలె. అప్పుడు రోజుకు ఎంత వెనకపడుతదో లెక్కగట్టి, అంత ముందుకు జరుపుత.”

ఊడుస్తున్న పుల్లమ్మ చీపురు ఆపింది. “ఒక్కతీరు వేడంటే మా కోడే! పొదుగుడుకు కూసున్నది. జల్దీ గంపల పెట్టుండ్రి.”

హమీద్ పడీపడీ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయాడు. “అరె, తప్పేముంది?”

కోడితో సహా గంప దవాఖానాకొచ్చింది. టిఫిన్ డబ్బా అంత మిషన్, ఆరు గుడ్ల పక్కన ఏడో గుడ్డయింది. టైము కనిపించే అద్దం బయటికి, మిగతాదంతా కోడి రెక్క కింద. ఆ వారం సంతకాలు రిజిస్టర్‌లోనే. హమీద్ రోజూ వచ్చి లెక్క సరిచేశాడు.

ఎనిమిదో రోజు సాయంత్రం, ఫోన్‌లో ఉపగ్రహం టైముతో పోల్చి చూశాడు. ఒక్క సెకను తేడా లేదు! పుల్లమ్మ ఈల వేసింది. ఉదయశ్రీ కోడికి రెండు చేతులా దండం పెట్టింది.

“ఇగ సంతకాల్లేవు మేడమ్. ఇయాల్టి నుంచి వేలే!” అన్నాడు హమీద్.

బస్సు హారన్ మోగింది. అద్దంలో సరిగ్గా ఐదు. ఉదయశ్రీ సంబరంగా కుడి బొటనవేలు రెక్క కిందికి తోసింది.

కోడి ఊరుకుంటుందా? ఒకటి కాదు, నాలుగు పోట్లు!

పుల్లమ్మ ఉరికొచ్చి కోడిని ఎత్తింది. “అమ్మో, నా వేలు!” అంటూనే ఉదయశ్రీ తూట్లు పడిన బొటనవేలిని మిషన్‌లో వేలు పెట్టే గాజు మీద గట్టిగా అదిమింది.

మిషన్ తియ్యగా పలికింది: “సమయం సరిగ్గా ఐదు గంటలు. మీరెవరో తెలియదు.”